41 ఏళ్ళకి డీటీపీ వదిలి ప్లంబింగ్ పనిలోకి... ఇల్లు గడుస్తుందా?

అక్షరకూర్పు (ఉప్పల్)

అందరికీ నమస్కారం. వయసు 41. పెళ్ళికి ముందు నుంచీ డీటీపీ పనే. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, పెళ్ళిపత్రికలు, కరపత్రాలు. ఒకప్పుడు శ్రావణం వచ్చిందంటే అర్ధరాత్రి దాటేదాకా ప్రెస్సులోనే ఉండేవాళ్ళం. ఇప్పుడు పత్రిక వాట్సాప్‌లోకి వెళ్ళిపోయింది, పెద్దవాళ్ళ కోసం ఓ వంద కార్డులు కొట్టిస్తే గొప్ప. ఓనరు జీతం తగ్గించలేదు గానీ నెలకి రెండు ముక్కలుగా ఇస్తున్నాడు. చేతికొచ్చేది 21 వేలు. మా ఆవిడ ఇంట్లో బ్లౌజులు కుడుతుంది, ఏడెనిమిది వేలు వస్తాయి. అద్దె 9 వేలు, పెద్దాడు ఇంటర్ ఫస్టియర్, పాప ఏడో తరగతి, అమ్మకి షుగర్ మందులు.

మా బావమరిది సైట్లలో ఎలక్ట్రిషియన్. "ప్లంబర్లు దొరక్క చస్తున్నారు బావా, వచ్చెయ్" అంటున్నాడు. ఇంట్లో కుళాయిలు, ఫ్లష్ ట్యాంకు వాషర్లు నేనే మార్చుకుంటా. ఆ పనంటే ఇష్టం కూడా. కానీ సరదాకి చేసుకోవడం వేరు, దాని మీదే బతకడం వేరు కదా. ఈ వయసులో నేర్పేవాళ్ళు ఉన్నారా? కోర్సు చెయ్యాలా, మిస్త్రి దగ్గర చేరాలా? నేర్చుకునే రోజుల్లో ఇల్లెలా గడవాలి?

రింగురోడ్డు

పిల్లాడు ఇంటర్‌లో ఉండగా ఈ ప్రయోగాలేంటండీ. డీటీపీ వచ్చంటే ఫోటోషాప్ కూడా వచ్చే ఉంటుంది. యూట్యూబ్ వాళ్ళకి థంబ్‌నెయిల్స్ చేసిపెట్టండి. ఫ్యాన్ కింద కూర్చుని చేసే పని.

అక్షరకూర్పు

చేశానండి. యాభై రూపాయలిచ్చి నాలుగుసార్లు మార్పించేవాళ్ళు. ఇప్పుడు ఆ యాభై కూడా ఎందుకని ఏఐతో చేసుకుంటున్నారు.

పాత_మిస్త్రి (నిజాంపేట)

తమ్ముడూ, నేను బాచుపల్లి, నిజాంపేట వైపు చేస్తాను. పాతికేళ్ళు దాటింది. నాకు పని నేర్పింది ఒడియా మిస్త్రి, కేంద్రపడా జిల్లా పట్టాముండై దగ్గర వాళ్ళ ఊరు. దేశంలో ఏ పెద్ద సైటుకి పోయినా ఆ జిల్లా వాళ్ళు కనిపిస్తారు. ప్లంబింగ్ నేర్పడానికే పట్టాముండైలో ఒక ప్రభుత్వ సంస్థ ఉంది. ఆయన తెలుగు అంతంత మాత్రం, తిట్లు మాత్రం శుద్ధమైన తెలుగులో తిట్టేవాడు.

నీ సంగతికొస్తా. వయసు అడ్డం కాదు. అడ్డమొచ్చేది ఏంటంటే, నీకు పని చెప్పేవాడు పాతికేళ్ళ కుర్రాడై ఉంటాడు. మూడ్ బాగుంటే "అన్నా, ఆ ఎల్బో అందుకో" అంటాడు. బాగాలేకపోతే "కళ్ళు కనపడట్లేదా" అంటాడు. దానికి నువ్వు ముఖం ముడుచుకుంటే ఆ రోజుకి నేర్చుకునేది ఇంకేం ఉండదు.

ఈ పనిలో దారులు రెండు: కొత్త కట్టుబడి, రిపేర్లు. కొత్త కట్టుబడిలో పని బరువు. మెషీన్‌తో గోడ కొయ్యాలి, సుత్తి ఉలితో గాడి తియ్యాలి, పైపులు మొయ్యాలి. మిస్త్రికి బాత్రూం లెక్కనో పాయింటు (ఒక్కో కుళాయి కనెక్షన్) లెక్కనో మాట్లాడతారు. బిల్లు మాత్రం బిల్డర్‌కి ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు. రిపేర్లలో ఏ రోజు డబ్బు ఆ రోజే, కానీ ఫోన్ మోగాలి. 41 ఏళ్ళవాడు చివరికి రిపేర్లలోనే స్థిరపడాలి, నడుము అక్కడే బతుకుతుంది. కానీ ముందు ఓ ఆరేడు నెలలు కొత్త కట్టుబడిలో హెల్పర్‌గా చెయ్యి. గోడ లోపల పైపు ఎలా పోతుందో కళ్ళారా చూడనివాడు రిపేర్‌కి పోతే గోడంతా తవ్వుతాడు.

మా దగ్గర హెల్పర్‌కి రోజుకి 600, 700 ఇస్తాం. ఆదివారాలు, వాన రోజులు, సామాను రాక ఆగిన రోజులు తీసేస్తే నెలకి ఇరవై రెండు రోజులు అనుకో. లెక్క నువ్వే వేసుకో.

రింగురోడ్డు

రిపేరంటే వాషర్ మార్చడమేగా మిస్త్రిగారూ? దానికి గోడ లోపల చూడ్డం దేనికి?

పాత_మిస్త్రి

వాషర్ మార్చేవాడికి వాషర్ డబ్బులే వస్తాయి సార్. మొన్నటిది చెప్తా వినండి. కింది ఫ్లాటు సీలింగుకి చెమ్మ, పెచ్చులు ఊడుతున్నాయి. పైవాళ్ళు మా బాత్రూం శుభ్రంగా ఉందంటారు. కిందాయన అసోసియేషన్ గ్రూపులో రోజూ ఫోటోలు పెడుతున్నాడు. అంతకుముందు వచ్చినవాడు టైల్స్ అన్నీ లేపాలి, నలభై వేలవుతుంది అని చెప్పి పోయాడు.

నేను అడిగింది ఒకటే. సంక్రాంతికి పైవాళ్ళు ఊరెళ్ళారు కదా, అప్పుడు చెమ్మ ఆరిందా? ఆరలేదట, ఇంకా పెరిగిందట. అంటే స్నానం నీళ్ళు కాదు, ఎప్పుడూ నీళ్ళు నిండుగా ఉండే లైను. బాత్రూం వాల్వు కట్టేశాం, గీజర్ విప్పి దాని చన్నీళ్ళ, వేణ్ణీళ్ళ పైపుల్ని ఒక గొట్టంతో కలిపాం, ఒక కుళాయి విప్పి అక్కడ గేజ్ ఉన్న చేతిపంపు బిగించి ఐదు కేజీల ప్రెజర్ ఎక్కించాం. టీ తాగి వచ్చేసరికి ముల్లు మూడు దగ్గరుంది. వేణ్ణీళ్ళ లైను విడదీసి మళ్ళీ ఎక్కిస్తే ముల్లు కదల్లేదు. దోషం వేణ్ణీళ్ళ లైనులోనే. వేణ్ణీళ్ళు, చన్నీళ్ళు కలిపే మిక్సర్ కుళాయి వెనక ఎల్బో (పైపుని మలుపు తిప్పే ముక్క) దగ్గర సీపీవీసీ జాయింటు, అంటే వేడికి తట్టుకునే ప్లాస్టిక్ పైపుది. అతికించినవాడు సాల్వెంట్ జిగురు రాసి పైపు తోసేసి చెయ్యి తీసేసినట్టున్నాడు. పైపుని పావు వంతు తిప్పి, కాసేపు గట్టిగా పట్టుకోవాలి, లేకపోతే అదే కొంచెం వెనక్కి జరుగుతుంది. ఆ కొంచెంలోంచే ఇన్నాళ్ళూ కారింది. పగలగొట్టింది రెండు టైల్స్.

ముల్లు అసలు కదలకపోయి ఉంటే పద్ధతి వేరు. నాని ట్రాప్ (బాత్రూం నేల మీది నీళ్ళు పోయే జాలీ) మూతి మూసేసి, నేల మీద అంగుళం నీళ్ళు నిలబెట్టి రాత్రంతా వదిలేసేవాణ్ణి. ట్రాప్ కింద జాయింటు మీద అనుమానం ఉంటే రంగు నీళ్ళు పోసి కింద నిలబడి చూస్తాం. ఇది యూట్యూబ్‌లో చూస్తే అర్థమవుతుంది, చేతికి మాత్రం రాదు.

ఐటీఐ_సారు

శిక్షణ సంగతి నేను చెప్తాను, రిటైరై మూడేళ్ళయింది. ఐటీఐలో ప్లంబర్ ట్రేడ్ ఏడాది కోర్సు. కనీస వయసు 14, పైన హద్దు లేదు. కానీ పగలంతా హాజరు కావాలి, కుటుంబం ఉన్నవాడికి ఏడాది జీతం లేకుండా కుదరదు. హైటెక్స్ దగ్గర న్యాక్ ఉంది, నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్, 1998లో పెట్టారు. వాళ్ళు తక్కువ కాలం శిక్షణలు ఇస్తారు, ప్లంబింగ్ కూడా ఉంటుంది. ఉచిత బ్యాచ్‌లకి వయసు హద్దు పెడుతుంటారు, ఫోన్ చేసినప్పుడు మొదటి మాటగా 41 అని చెప్పి అడగండి.

మీకు సరిపడేది ఆర్‌పీఎల్. పని చేతికొచ్చాక, అప్పటికే వచ్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి. ఈ రంగానికి వాటర్ మేనేజ్‌మెంట్ అండ్ ప్లంబింగ్ స్కిల్ కౌన్సిల్ అని ఉంది. ఇంటి రిపేర్లకి ఆ కాగితం ఎవరూ అడగరు. ఆసుపత్రులు, ఐటీ పార్కుల నిర్వహణ చూసే కంపెనీలు అడుగుతాయి. అక్కడ పీఎఫ్, ఈఎస్ఐ ఉంటాయి. అమ్మగారి మందులకి ఈఎస్ఐ చిన్న విషయం కాదు, ఆ దారి కూడా మనసులో ఉంచుకోండి.

గోదారి_గట్టు

పీఎం విశ్వకర్మకి పెట్టుకోండి సార్. టూల్‌కిట్‌కి 15 వేలు, లోను కూడా ఇస్తారు.

ఐటీఐ_సారు

అందులో ప్లంబర్ లేడండీ. 2023లో మొదలైనప్పుడు 18 వృత్తులు పెట్టారు. వడ్రంగి, తాపీ మేస్త్రి, తాళాలు చేసేవాళ్ళు, దర్జీ ఉన్నారు, ప్లంబర్ లేడు. అక్షరకూర్పుగారి ఇంట్లో దానికి అర్హత ఎవరికైనా ఉంటే అది కుట్టుపని చేసే ఆవిడకే. ఈయనకి కావాలంటే ముద్ర లోన్ ఉంది, అందులో శిశు అనే రకం కింద 50 వేల దాకా, హామీ అక్కర్లేదు. కానీ నేర్చుకునేటప్పుడు అప్పెందుకు? లేబర్ కార్డు మాత్రం వదలొద్దు. ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసినవాళ్ళు, 18 నుంచి 60 ఏళ్ళ మధ్యవాళ్ళు నమోదు చేసుకోవచ్చు. ప్లంబింగ్ అందులోకి వస్తుంది.

ఇంటి_లెక్క (విజయవాడ)

మగవాళ్ళంతా పని గురించే మాట్లాడుతున్నారు, ఇల్లెలా గడవాలన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది. మావారు బట్టల షోరూమ్‌లో సేల్స్ చేసి 38కి ఇందులోకి వచ్చారు. మొదటి ఏడాది మమ్మల్ని నిలబెట్టింది ఆయన కూలి కాదు, ముందు చేసుకున్న ఏర్పాటు. పిల్లల ఫీజు రెండు టర్ములు ముందే కట్టేశాం. చీటీ పాట ఎత్తి ఆ డబ్బు ముట్టుకోకుండా పక్కన పెట్టాం. బండి ఈఎంఐ ఒకటి ఉంటే నా గాజులు కుదువపెట్టి మూసేశాం. నెలవారీ కట్టాల్సింది ఏదీ లేకపోతే సగం టెన్షన్ పోయినట్టే.

అక్షరకూర్పుగారూ, ఉన్న పని మొత్తం వదలకండి. రాత్రి పూట ఇంటి దగ్గర పేజీ లెక్కన ఇమ్మని మీ ఓనర్ని అడగండి. జీతం లేకుండా పని జరుగుతుందంటే ఆయన కాదనడు. అలా ఆరేడు వేలొచ్చినా అద్దె గండం తీరుతుంది.

ఇప్పుడు ఫోన్లు నేనే ఎత్తుతాను. లీకు ఫోటో పెట్టమంటాను. పైపు గోడలోనిదా బయటిదా, వాల్వు కడితే ఆగుతుందా, ఎన్నో అంతస్తు, ఇవి అడిగి రాసి ఇస్తాను. ఆయన సామాను సర్దుకుని వెళ్తారు, రెండోసారి షాపుకి తిరగక్కర్లేదు. బాకీల పుస్తకం కూడా నాదే. ఆయన మొహమాటస్తుడు, రెండోసారి అడగలేడు. నాకు ఆ ఇబ్బంది లేదు.

చుట్టాల సంగతి కూడా చెప్తా. మా ఆడపడుచు పెళ్ళిళ్ళలో "మా అన్నయ్య వాటర్ వర్క్స్‌లో" అని పరిచయం చేస్తుంది. మొదట్లో కోపమొచ్చేది. ఇప్పుడు వాళ్ళింట్లో మోటారు ఆగితే వాటర్ వర్క్స్ అన్నయ్యకే ఫోన్ చేస్తోంది.

అపార్ట్‌మెంట్_సెక్రటరీ (మియాపూర్)

కస్టమర్ వైపు నుంచి ఒక మాట. మాది అరవై ఫ్లాట్లు. బోరు నీళ్ళు ఉప్పు, కుళాయిలు గట్టి పడతాయి, గీజర్లు పాడవుతాయి. పనికి కొదవ లేదు. మాకు కావాల్సింది వస్తానన్న టైముకి వచ్చేవాడు, రాలేకపోతే ఫోన్ చేసి చెప్పేవాడు. పని ముందూ తర్వాతా ఫోటో, ఒక బిల్లు. ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళకి ఇది చెప్పి చెప్పి అలిసిపోయాం. నలభై దాటిన, నాలుగు మాటలు మర్యాదగా మాట్లాడే మనిషికి మా ఆడవాళ్ళు కూడా ధైర్యంగా తలుపు తీస్తారు.

ఒకటి మాత్రం అడగాలి. షాపువాళ్ళు ప్లంబర్లకి కమిషన్ ఇస్తారు కదా? మేం రెండు వేల కుళాయి కొంటే అందులో మీకెంత?

పాత_మిస్త్రి

ఇస్తారు సార్, దాచేదేముంది. షాపుని బట్టి, కంపెనీని బట్టి. నేను తీసుకుంటా. కానీ పాడైపోయే సామాను ఎక్కువ కమిషన్ ఇస్తుందని పెట్టను, ఎందుకంటే అది పాడైతే మీరు ఫోన్ చేసేది షాపుకి కాదు, నాకు.

ఇంటి_లెక్క

మావారు తీసుకోరు. కస్టమర్నే షాపుకి పంపి, ఆ కమిషన్ మీకే తగ్గించమనండి అని చెప్తారు. దాని బదులు కూలి వంద ఎక్కువ అడుగుతారు. మొదట్లో షాపులవాళ్ళు వేరే ప్లంబర్ల పేర్లు చెప్పేవాళ్ళు, దెబ్బ తగిలింది. ఇప్పుడు ఫర్వాలేదు. ఎలా చేసినా సరే, సామానుకి మాత్రం చేతి డబ్బు పెట్టకండి. పెట్టుబడి పెట్టి తిరిగి రాబట్టుకోలేక మానేసినవాళ్ళని చూశాం.

రింగురోడ్డు

యాప్ కంపెనీల్లో చేరితే ఈ గొడవలుండవు కదా?

పాత_మిస్త్రి

మా మేనల్లుడు ఒకదాంట్లో చేశాడు, పేరెందుకులే. ఫోన్లు బాగానే వచ్చేవి. కంపెనీ కోత పోగా, పెట్రోలు పోగా మిగిలేది చూసుకుని దిగులుపడేవాడు. కస్టమర్ రెండు స్టార్లిస్తే ఆ వారం పని తగ్గిపోయేది. కొత్త ఏరియాలో పరిచయాల కోసం కొన్నాళ్ళు చేసుకోవచ్చు. దాని మీదే ఆధారపడొద్దు.

జగిత్యాలోడు

అన్నా, గల్ఫ్ సంగతి ఎవరో ఒకరు తీస్తారు, నేనే ముందు చెప్తున్న. షార్జాలో పన్నెండేండ్లు ప్లంబర్‌గా చేసిన. పని రాకుండా హెల్పర్ వీసా మీద మాత్రం పోకు. హెల్పర్‌గా పోయినోడు హెల్పర్‌గానే ఉంటడు, క్యాంపు నుంచి సైటుకి, సైటు నుంచి క్యాంపుకి. నేను పోయినప్పుడు ఏజెంటు లక్ష పైన గుంజిండు. రూల్ ప్రకారం లైసెన్సు ఉన్న ఏజెంటు 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోవద్దు. టామ్‌కామ్ అని విదేశీ ఉద్యోగాలకి పంపే కంపెనీ తెలంగాణ ప్రభుత్వానిదే ఒకటి ఉంది, ముందు అక్కడ అడుగు. సౌదీ వాళ్ళయితే ఇప్పుడు ప్లంబర్లకి ఇక్కడ్నే స్కిల్ టెస్టు పెడుతున్నరు.

పిల్లలు చదువుకునే టైంల ఇంటి పెద్ద ఇంటి దగ్గర ఉండాలె. నేను పోయినప్పుడు మా పాప నడక నేర్వలేదు, వచ్చేసరికి ఏడో తరగతి.

లూటన్_వాసి

ఇంగ్లండ్ నుంచి. ఇక్కడ నలభై దాటాక ఆఫీసు ఉద్యోగాలు మాని ప్లంబింగ్‌లోకి వచ్చేవాళ్ళు చాలామందే ఉన్నారు, మా వీధిలో ఒకాయన బ్యాంకు వదిలేసి వచ్చాడు. సాయంత్రం కాలేజీలో లెవెల్ 2 చదవడం కష్టం కాదట. ఎన్‌వీక్యూ అనే వృత్తి సర్టిఫికెట్ రావాలంటే నిజమైన సైటు మీద పని చేసినట్టు రుజువులు చూపించాలి. ఆ వయసువాణ్ణి వెంట తిప్పుకునే ప్లంబర్ని వెతకడానికే తల ప్రాణం తోకకొచ్చిందట. ఇక గ్యాస్ బాయిలర్ ముట్టుకోవాలంటే గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో పేరుండాల్సిందే. మీకు బావమరిది ద్వారా మిస్త్రి దొరకడమే పెద్ద అదృష్టం.

సైటు_ఇంజినీర్

భద్రత గురించి ఎవరూ రాయలేదు. డక్టులో (పైపులు దిగే నిలువు సందులో) నాలుగో అంతస్తు పైపు బిగించమని తాడు కూడా లేకుండా దింపుతారు. బెల్టు లేకపోతే దిగకండి. గోడ కోసేటప్పుడు కళ్ళద్దాలు, మాస్కు. గీజర్, మోటారు ముట్టుకునే ముందు ఎంసీబీ (మీటరు బోర్డులో కరెంటు ఆపే స్విచ్చు) దించి, టెస్టర్ పెట్టి చూడండి.

అన్నిటికన్నా ముఖ్యం: "ప్లంబరే కదా, కొంచెం సెప్టిక్ ట్యాంకులోకి దిగి చూడు" అనేవాళ్ళు తగులుతారు. ఎంత ఇస్తామన్నా దిగొద్దు. లోపల విషవాయువుకి మనిషి నిమిషాల్లో పడిపోతాడు, లాగడానికి దిగిన రెండోవాడూ పోతాడు. రక్షణ సాధనాలు లేకుండా మనిషిని దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. దిగమన్నవాడికి ఆ మాట చెప్పి బయటికి వచ్చెయ్యండి.

బ్యాంకు ఖాతా ఉంటే ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలే, ప్రమాదంలో పోతే రెండు లక్షలు. ఇవాళే చేయించండి.

అక్షరకూర్పు

అందరికీ ధన్యవాదాలు. మా ఆవిడ కూడా మొత్తం చదివింది. ఇంటి_లెక్క అక్కగారి పోస్టు రెండుసార్లు చదివి, చీటీ సంగతి నాకు గుర్తు చేసింది. ఆషాఢం వచ్చేలోపు మా చీటీ ఎత్తొచ్చు. పెద్దాడి ఫీజు దాంట్లోంచి కట్టేస్తాం. ఓనర్ని అడిగాను. రాత్రి పని పేజీకి ఇంతని ఇస్తానన్నాడు, మొహం చూస్తే ఆయనకీ భారం దిగినట్టే ఉంది. పెళ్ళిళ్ళుండవు కాబట్టి ఆషాఢంలో ప్రెస్సు ఎలాగూ ఖాళీ. అప్పుడు చేరదామనుకుంటున్నా. శ్రావణం దాకా ఆగితే మంచిదంటోంది అమ్మ.

పాత_మిస్త్రి

అమ్మకి నచ్చజెప్పు. ఆషాఢమే మంచిది. గృహప్రవేశాలుండవు, బిల్డర్లు మెడ మీద కూర్చోరు, మిస్త్రికి నేర్పే ఓపిక ఉంటుంది. శ్రావణంలో ముహూర్తాలు మొదలయ్యాక చేరితే నిన్ను సామాను మొయ్యడానికే వాడతారు. వానాకాలంలో డ్రైనేజీ పనులు ఎక్కువ, వాలు ఎలా పెట్టాలో అప్పుడే నేర్చుకో. 110 ఎంఎం పైపుకి మీటరుకి రెండు సెంటీమీటర్లు దిగాలి. మరీ ఎక్కువ వాలు పెడితే నీళ్ళు ముందే పోయి మలం అక్కడే ఉండిపోతుంది. చాలామందికి ఈ రెండో ముక్క తెలీదు.

ఇంకోటి. కొన్ని అపార్ట్‌మెంట్లలో లిఫ్టు ఎక్కొద్దంటారు, తాగడానికి నీళ్ళు వేరే గ్లాసులో ఇస్తారు. ఇన్నేళ్ళు కుర్చీలో కూర్చుని పని చేసినవాడివి, నీకు గుచ్చుకుంటుంది. నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. నీళ్ళ బాటిల్ నేనే తీసుకెళ్తా.

అక్షరకూర్పు

అర్థమైంది అన్నా. సామాను ఏమేం కొనుక్కోవాలి?

పాత_మిస్త్రి

ముందు బూట్లు, కళ్ళద్దాలు. మొదటి రెండు నెలలు మిస్త్రి సామానుతోనే చెయ్యి. తర్వాత సీపీవీసీ కట్టరు, 14 అంగుళాల పైపు రెంచి, హ్యాక్సా, స్పిరిట్ లెవెల్. రాణీగంజ్ పోతే అన్నీ ఒకేచోట దొరుకుతాయి. రెంచి మాత్రం చవక రకం కొనకు, పళ్ళు అరిగితే పట్టు జారి వేళ్ళు గోడకి కొట్టుకుంటాయి. డ్రిల్లు ఇప్పుడే వద్దు, అవసరమైన రోజు అద్దెకి తెచ్చుకో. ప్రెజర్ టెస్టు పంపు మాత్రం రిపేర్లలోకి దిగే ముందు కొనాలి.

రింగురోడ్డు

ఎలాగూ అందరూ ఇక్కడే ఉన్నారు కదా. మా ఇంట్లో ఫ్లష్ ట్యాంకు రాత్రంతా నీళ్ళు వదులుతూనే ఉంది. ఏం మార్చాలి?

అక్షరకూర్పు

ట్యాంకు మూత తీసి ఫోటో పెట్టండి సార్. నీళ్ళు ఓవర్‌ఫ్లో గొట్టంలోంచి పోతుంటే ఫ్లోట్ వాల్వు, అలా కాకపోతే అడుగు వాషరు.